పాత కోచ్ పదిహేను నిమిషాలు

మూడు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుందనగా వర్నా టిల్‌మన్ కుర్చీ లాక్కుని మార్కీస్ ఫాంట్‌నో ఎదుట కూర్చుంది. కూర్చుందన్న మాటేగాని ఒళ్లు నిలవడం లేదు. కుడి మోకాల్లో పాత నొప్పి సలుపుతోంది, చెయ్యి దాన్ని నొక్కిపెడుతూనే ఉంది. నాలుగింటికి లీగ్ వాళ్ల కొత్త సంవత్సరం మొదలవుతుంది. అంతవరకు నోటిమాటల్లో ఉన్న బేరాలన్నీ, ఎవరు ఏ జట్టు వదిలి ఏ జట్టుకు పోతున్నారన్నదంతా, ఆ బుధవారం నాలుగు కొట్టగానే ఖాయమైపోతాయి.

మార్కీస్ కూడా అలా పోవలసినవాడే. హెల్మెట్ పెట్టుకుని ఒకర్నొకరు గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. అయిదేళ్లు టొలీడో హెరన్స్‌కి ఆడాడు. ఇప్పుడు ఓమహా జట్టు వాళ్లు ఇద్దరు కుర్రాళ్లను ఇచ్చి అతన్ని తీసుకుంటున్నారు. మూడేళ్ల కాంట్రాక్టు. ఇరవై తొమ్మిదేళ్లొచ్చి, రోజూ పరుగెత్తి పరుగెత్తి ఢీకొట్టే పని చేసుకునే మనిషికి అదే ఆఖరి పెద్ద కాంట్రాక్టని వాడికీ తెలుసు, లూసియానాలో ఉన్న వాళ్లమ్మకీ తెలుసు.

అటువంటి రోజున, మధ్యాహ్నం ఒంటిగంటా పదికి, జట్టు సామాన్ల గదిలో బెర్నీ ప్లూటా తల పగిలి పడి ఉన్నాడు. ముప్ఫై ఒక్కేళ్లుగా ఆటగాళ్ల జోళ్లూ హెల్మెట్లూ జెర్సీలూ చూసుకునే ముసలాయన. ఊపిరుందిగాని ఆస్పత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. ఆయన దగ్గర ఆఖరున ఉన్నది మార్కీసే అంటున్నారు. పోలీసు ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూసుకునే వర్నాకి ఆటగాళ్ల సంఘం వాళ్లు పరుగున ఫోన్ చేసింది అందుకే.

"మొదట్నుంచి మళ్లీ చెప్పు నాయనా. బెర్నీ గదికి ఎన్నింటికి వెళ్లావు?"

"పన్నెండున్నరకి. కాదు కాదు, ఒంటిగంటకనుకుంటా."

"తలుపుకి నీ కార్డు పెట్టింది పన్నెండూ నలభైకి."

"అయితే అప్పుడే అయ్యుంటుందమ్మా."

"నువ్వెళ్లేసరికి ఎవరెవరున్నారు?"

"బెర్నీ ఒక్కడే." కాసేపు నుదురు రుద్దుకున్నాడు. "ఆల్డ్రిచ్ గారు కూడా ఉన్నారు. నీలం టై."

"ఇందాక ఆయన లేడన్నావటగా?"

"అన్నానా?"

గోడకానుకుని నిలబడ్డ గ్రేడీ ఫక్కున నవ్వాడు. లీగ్ తరఫున విచారణ చేసేది ఇతనే. పదేళ్ల కిందట పోలీసుశాఖలో వర్నాకి పై అధికారి. ఆవిడ తేల్చిన కేసుల్లో సగం తన పేరున రాసుకున్న ఘనుడు.

"విన్నావా సార్జెంట్? పది నిమిషాలకో కథ. నువ్వింకో అరగంట కూర్చున్నావంటే తాను అసలు టొలీడోలోనే లేనంటాడు."

"నీకు కథలు విసుగనిపిస్తే బయటికెళ్లి కాఫీ తాగిరా గ్రేడీ."

"మూడున్నరకి తాగుతాలే. అప్పుడే ఇతని జట్టు మార్పిడి ఆపమని లీగ్‌కి కాగితం పంపుతాను. బయట పోలీసు కూడా దానికోసమే చూస్తున్నాడు. యాభై నిమిషాలున్నాయి నీకు."

 వర్నా చూపంతా మార్కీస్ మీదే ఉంది. అబద్ధం చెప్పేవాళ్లని ఇరవై ఆరేళ్లు చూసింది ఆవిడ. వాళ్లు ఒక్క కథ పట్టుకుని, చంటిపిల్లాణ్ణి చంకనేసుకున్నట్టు దాన్ని కిందికి దింపరు. ఈ మనిషి చేతిలో కథ ఏదీ లేదు. అడిగిన ప్రతిసారీ చీకటి గదిలో తడుముకుని ఏది దొరికితే అది తెచ్చిస్తున్నాడు.

"బెర్నీతో పోట్లాట ఏమైనా జరిగిందా?"

"బెర్నీతోనా? అయ్యో, లేదమ్మా. తెగ నవ్వించాడు. ఏం చెప్పి నవ్వించాడో మరి..." ఆగాడు. "అన్నట్టు, మీ పేరేమన్నారు?"

అది అడగడం మూడోసారి.

"వర్నా," అందావిడ మెల్లగా. "నువ్విక్కడే కూర్చో బిడ్డా. గుక్కెడు మంచినీళ్లు తాగు. ఎవరేం అడిగినా నేను వచ్చేదాకా నోరు విప్పకు."

సామాన్ల గది కిందంతస్తులో ఉంది. గ్రేడీ కూడా వెంట దిగాడు. అక్కడికి పోవడానికి ఒక్కటే తలుపు, కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. పోయేటప్పుడు మాత్రం కార్డు అక్కర్లేదు, తోస్తే చాలు. ఆ గంటలో పడ్డ కార్డులు మూడే మూడు. పన్నెండూ ఇరవై అయిదుకి ట్రెంట్ ఆల్డ్రిచ్. ఇతను జనరల్ మేనేజరు కింద రెండోవాడు, ఆటగాళ్ల బేరాలన్నీ ఇతని చేతుల మీదుగానే జరుగుతాయి. పన్నెండూ నలభైకి మార్కీస్. ఒంటిగంటా పదికి కుట్టుపని చేసే ఇలోనా, బెర్నీని చూసి కేక పెట్టింది ఆవిడే.

ఆల్డ్రిచ్ తాను పన్నెండూ యాభైకే పైకి వెళ్లిపోయానన్నాడు. మార్కీస్ కారు గేటు దాటడం కెమెరాలో పడింది, ఒంటిగంటా రెండు నిమిషాలకి; తరవాత ఫోను చేసి వెనక్కి రప్పించారు. అంటే మధ్యలో పన్నెండు నిమిషాలు బెర్నీతో మార్కీస్ తప్ప ఇంకెవరూ లేరు. గ్రేడీ కేసు మొత్తం ఇంతే.

ఇలోనా తన కుట్టుమిషను పక్కన కూర్చుని ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకుంది. తూర్పు టొలీడో హంగేరియన్ల పేట మనిషి. డెబ్బై దగ్గర పడింది. జెర్సీల మీద ఆటగాళ్ల పేర్లు కుట్టేది ఆవిడే.

"పన్నెండున్నరకి హాట్‌డాగ్ తిందామని వెళ్లానమ్మా. బెర్నీ కూడా రావలసిందే. 'ఈవేళ నేను రాలేను ఇలోనా, కుర్రాడి సామాను నేనే సర్దాలి' అన్నాడు. నా పాడు ఆకలి కాకపోతే, ఒక్కరోజు తినకపోతే చచ్చిపోతానా!"

"నువ్వుండుంటే ఇద్దరికీ తలలు పగిలేవి. ఏడవకు. ఇక్కడేదైనా మారిందేమో చూసి చెప్పు."

రక్తం ఇనప అర మూల మీద, దాని కింద నేల మీద ఉంది. వర్నా మోకాలు పట్టుకుని వంగి చూసింది. దెబ్బ కొట్టిన వస్తువంటూ ఏదీ కనబడలేదు. మనిషి వెనక్కి పడి, ఆ మూలకే తల తగిలినట్టుంది. తోశారన్నమాట. లేచి గది చుట్టూ చూసింది. జోళ్ల అరలు ముట్టుకున్నట్టు లేవు. ప్యాడ్లు వేటి కొక్కేనికి అవి ఉన్నాయి. హెల్మెట్ల అరలు మాత్రం ఎవరో కెలికినట్టున్నాయి. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి. రెండు బోర్లాపడి ఉన్నాయి.

"ముసలాయన సర్దుకోలేకపోయుంటాడు," అన్నాడు గ్రేడీ.

ఇలోనా గయ్యిమని లేచింది. "బెర్నీయా? జోళ్ల తాళ్లు కూడా పొడవు ప్రకారం వేలాడదీసే మనిషయ్యా! ఆ నోటితో ఆ మాటనకు!"

"మరి మార్కీస్‌కి హెల్మెట్లు కెలికే పనేముంది గ్రేడీ?" అంది వర్నా. "వాడి హెల్మెట్ బల్ల మీదే ఉందిగా."

నిజమే, బల్ల మీద ఇరవై ఏడో నంబరు హెల్మెట్ నిగనిగలాడుతూ ఉంది. పక్కనే లీగ్ వాళ్ల సీలు వేసే పసుపు సంచి. ఇది ఈ ఏడు కొత్తగా వచ్చిన నియమం. హెల్మెట్ లోపల గింజంత యంత్రం ఒకటి ఉంటుంది, తలకు తగిలిన ప్రతి దెబ్బనీ అది రాసుకుంటుంది. ఇకమీదట ఆటగాడు జట్టు మారితే, వాడిన హెల్మెట్ కూడా సీలుతో వాడి వెంట పోవాలి. అవతలి డాక్టరు దెబ్బలన్నీ చదివి, సరే అంటేనే వాడు మైదానంలో దిగాలి. ఈ సాయంత్రం నాలుగింటి నుంచి అమలు.

వర్నా హెల్మెట్‌ని తిరగేసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పాతికేళ్లు ఉద్యోగం చేశాను," అన్నాడు గ్రేడీ, "హెల్మెట్ వాసన చూసే డిటెక్టివ్‌ని ఇవాళే చూస్తున్నా."

"నువ్వూ చూడు. ఆ కుర్రాడు జడలకి రాసుకునే నూనె ఎదుట కూర్చుంటేనే గుప్పుమంటోంది. ఆర్నెల్లు తలకి పెట్టుకున్న హెల్మెట్‌లో పిసరంత వాసన లేదు, ఒక్క చెమట మరక లేదు. బయట గీతలున్నాయి. లోపల మెత్తలు పెట్టెలోంచి తీసినట్టున్నాయి."

ఇలోనా దగ్గరకొచ్చి, వేలితో లోపలి మెత్త పైకెత్తి చూసింది. మొహం మారిపోయింది.

"ఇది వాడిది కాదు. బెర్నీ ప్రతి హెల్మెట్‌లో మెత్త కింద ఆ కుర్రాడి తల్లి పేరు రాస్తాడు. ఆవిడ బిడ్డ తల దాంట్లో ఉంటుంది కదా, అందుకని. ఇందులో పేరే లేదు."

"అయితే అసలుది?"

"ఏమో మరి. రెండుండాలి వాడివి. ఒకటి పోయిన నెల మరమ్మతుకి పోయింది. రెండోది నిన్న సాయంత్రం ఇక్కడే చూశాను."

వర్నా గ్రేడీ వంక చూసింది. గ్రేడీ భుజాలెగరేశాడు గాని ఈసారి నవ్వలేదు. "హెల్మెట్ మారిందనే అనుకుందాం. లాభం ఎవరికి? దెబ్బలు బయటపడితే పోయేది అతని కాంట్రాక్టే. అతనే మార్చమన్నాడు, ముసలాయన కాదన్నాడు, తోశాడు. నా కేసు ఇంకా గట్టిపడింది సార్జెంట్. చాలా థాంక్స్."

 ఆ మాట వర్నాకీ తట్టింది. టైము చూసుకుందామని చేతి గడియారం చూసింది. మూడూ అయిదు. అలవాటుకొద్దీ తలుపు మీది పెద్ద గోడ గడియారం కూడా చూసింది. అదీ మూడూ అయిదే.

అదేమిటో గాని మనసులో ఏదో గుచ్చుకుంది. రెండేళ్ల కిందట టికెట్ల దొంగతనం కేసు మీద ఇక్కడికే వచ్చింది తను. పది గంటలకు రమ్మంటే సరిగ్గా పదికి వచ్చింది. అప్పటి కోచ్ గుమ్మంలో నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. ఆ పెద్దమనిషి లెక్కలో పదిహేను నిమిషాలు ముందు రానివాడు ఆలస్యంగా వచ్చినట్టే. అందుకని భవనంలోని గోడ గడియారాలన్నీ పదిహేను నిమిషాలు ముందుకు తిప్పించి పెట్టాడు. ఆటగాళ్లూ గుమాస్తాలూ అందరూ మనసులో పదిహేను తీసేసుకుంటూ తొమ్మిదేళ్లు బతికారు.

"ఇలోనా, ఈ గడియారం సరైన టైము చూపిస్తోందేమిటి?"

"అదా! జనవరిలో ఆ కోచ్‌ని పంపేశారు కదా. ఆదివారం, ఏటా మార్చిలో లాగే, టైము మారింది, ఊరంతా గడియారాలు గంట ముందుకు తిప్పుకున్నారు. సోమవారం పొద్దున బెర్నీ నిచ్చెనేసుకుని బయల్దేరితే కొత్త కోచ్ పిలిచి, 'ఆ పదిహేను నిమిషాల పిచ్చి నాకొద్దు, సరిగ్గా పెట్టెయ్' అన్నాడట. బెర్నీ ముప్పావుగంటే తిప్పాడు. 'తిప్పేది తగ్గింది ఇలోనా, చెయ్యి నొప్పి తగ్గింది' అని ఒకటే నవ్వు."

"ఈ సంగతి అందరికీ తెలుసా?"

"సోమవారం ఉన్నవాళ్లకి తెలుసు. సెలవులు కదమ్మా, ఎంతమందున్నారు గనక?"

"ఆల్డ్రిచ్ ఉన్నాడా?"

"ఆయనెక్కడ? సోమ, మంగళ ఓమహాలోనే ఉన్నాడు, ఈ బేరం మీద. ఇవాళ పదకొండింటికి దిగాడు."

వర్నా అప్పటికే మెట్ల వైపు నడుస్తోంది. మోకాలు నొప్పి కూడా మరిచిపోయింది.

మేడ మీద పెద్ద గదిలో గోడల నిండా ఆటగాళ్ల పేర్లు రాసిన పలకలే. గడియారం తగిలించడానికి జానెడు చోటు లేదు. గుమ్మం పక్కన వెదురు బుట్టలో ఫోన్లు గుట్టగా పడున్నాయి. బేరాలు బయటికి పొక్కకుండా ఈ వారం పొద్దున రాగానే ప్రతివాడూ ఫోను అందులో పడేయాలి, సాయంత్రం దాకా తియ్యకూడదు. ఆల్డ్రిచ్ బల్ల మీద కాలు పెట్టుకుని కూర్చున్నాడు. నీలం టై. వర్నా ముందు అతని మణికట్టు చూసింది. బోసిగా ఉంది.

"మూడూ ఇరవై," అన్నాడు గ్రేడీ చెవి దగ్గర. "పది నిమిషాలు."

"ఆ పది నిమిషాలూ నువ్వు గుమ్మంలో నిలబడి వింటే చాలు."

ఆల్డ్రిచ్ కాలు దించాడు గాని లేవలేదు. "మేడం, ఇంకో నలభై నిమిషాల్లో నా మార్పిడి కూలిపోతుందో నిలుస్తుందో తెలియదు. మళ్లీ అవే ప్రశ్నలా?"

"అవే. నేను ముసలిదాన్ని, రాసుకోకపోతే మరిచిపోతాను. బెర్నీ గదికెందుకు వెళ్లారు?"

"కాగితాల మీద సంతకం కోసం. మార్కీస్ సామాను అప్పజెప్పినట్టు."

"మార్కీస్ వచ్చాక కూడా ఉన్నారా?"

"పది నిమిషాలున్నాను. పన్నెండూ యాభైకి వచ్చేశాను. అప్పటికి ఇద్దరూ ఏదో చెప్పుకుని పడీ పడీ నవ్వుతున్నారు. తరవాత ఏమైందో నాకు తెలియదు. అతనికి కోపం ఎక్కువని మాత్రం అందరికీ తెలుసు."

"మీరు వచ్చేటప్పటికి మార్కీస్ గదిలోనే ఉన్నాడు. బెర్నీ బాగానే ఉన్నాడు."

"అవును."

"సరిగ్గా పన్నెండూ యాభై అని ఎలా చెప్తున్నారు? ఫోను బుట్టలో ఉంది. చేతికి వాచీ లేదు."

ఆల్డ్రిచ్ నవ్వాడు. తెలియనివాళ్లకి తెలిసిన సంగతి చెప్పేటప్పుడు వచ్చే నవ్వు.

"తలుపు మీద గోడ గడియారం ఉంది కదా. ఒంటిగంటా అయిదు చూపిస్తోంది. మీరు బయటివాళ్లు. ఇక్కడి గడియారాలు పదిహేను నిమిషాలు ముందు నడుస్తాయి. అది మా పాత కోచ్ పెట్టిన పద్ధతి. తొమ్మిదేళ్లుగా తీసేసి చెప్పడం మాకు ఊపిరి పీల్చినట్టు అలవాటైపోయింది."

"ఓహో. ఒంటిగంటా అయిదే చూశారా? మరేదైనా అంకె చూసి పొరబడ్డారేమో."

"పొరబాటుకి ఆస్కారం లేదు. రెండు ముళ్లూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. తల పైకెత్తి మరీ చూశాను."

వర్నా చిన్న పుస్తకంలో రాసుకుంది. ఒక్కొక్క మాటా చదివి వినిపించింది. పుస్తకమూ కలమూ అతని ముందుకు జరిపింది. "ఒక సంతకం పెట్టండి. ఇదిగో ఈ గ్రేడీ గారు నన్ను నమ్మరు."

రోజుకి పాతిక సంతకాలు పెట్టే చెయ్యి, గబుక్కున పెట్టేసింది.

గ్రేడీ విసుగ్గా జేబులోంచి ఫోను తీశాడు. "సార్జెంట్, ఇది నేను మధ్యాహ్నమే రాసుకున్నాను."

"నువ్వు పన్నెండూ యాభై అని రాసుకున్నావు. అది ఎక్కడ చూశావయ్యా అని అడగలేదు." వర్నా పుస్తకం మూసి ఆల్డ్రిచ్ వైపు తిరిగింది. "ఆల్డ్రిచ్ గారూ, సోమవారం మీరు ఊళ్లో లేనప్పుడు కొత్త కోచ్ ఆ పదిహేను నిమిషాలు తీయించేశాడు. బెర్నీయే నిచ్చెనెక్కి సరిచేశాడు. ఇప్పుడా గడియారం నా వాచీతో పాటు నడుస్తోంది. మీరు చూసింది నిజం ఒంటిగంటా అయిదే."

 కలం ఇంకా ఆల్డ్రిచ్ వేళ్ల మధ్యే ఉంది.

"మార్కీస్ కారు ఒంటిగంటా రెండుకి గేటు దాటింది. అది కంప్యూటరు టైము, ఎవరూ తిప్పింది కాదు. మీరు గదిలోంచి వచ్చేసరికి వాడు రోడ్డెక్కి మూడు నిమిషాలైంది. మరి బెర్నీతో నవ్వుకుంటున్నదెవరు?"

గ్రేడీ చేతిలో ఫోను మెల్లగా కిందికి దిగింది.

"నాకు... నేను తికమక పడ్డట్టున్నాను."

"ముళ్లు ఒకదాని మీద ఒకటున్నాయన్నారు. సంతకం పెట్టారు."

"నేను తోయలేదు!" ఆల్డ్రిచ్ ఒక్క ఉదుటున లేచాడు, కుర్చీ వెనక్కి పడింది. "ఆ హెల్మెట్ ఎక్కడ పెట్టాడో చెప్పమన్నాను. చెప్పడు. చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని తనే వెనక్కి... ముసలాడికి అంత మొండితనం ఎందుకు? ఎవరికి నష్టం? కుర్రాడికి కాంట్రాక్టు వస్తుంది, మాకు ఇద్దరు కుర్రాళ్లొస్తారు, ఓమహాకి వాళ్లక్కావలసిన మనిషి దొరుకుతాడు!"

"పడ్డవాడి రక్తం కారుతుంటే హెల్మెట్ల అరలు కెలికావు," అన్నాడు గ్రేడీ. అతని గొంతు అలా పలకడం వర్నా ఎన్నడూ వినలేదు. "అయిదు నిమిషాలు ముందు అంబులెన్సుకి ఫోను చెయ్యలేకపోయావా?"

ఆల్డ్రిచ్ చప్పున నోరు మూసుకున్నాడు. ఇక లాయరు వచ్చాకే మాట్లాడతానన్నాడు. పోలీసును లోపలికి పిలిచి అతన్ని అప్పజెప్పేసరికి మూడూ నలభై నాలుగు.

మెట్లు దిగుతూ గ్రేడీ వర్నా పక్కన నడిచాడు. "కాగితం పంపను. నీ కుర్రాడు నిరభ్యంతరంగా వెళ్లొచ్చు. గెలిచావు, చాలా?"

"అసలు హెల్మెట్ దొరక్కుండా ఎలా చాలుతుంది?"

మార్కీస్ ఆవిడ కూర్చోమన్న చోటే ఉన్నాడు. సంగతి వినగానే మొహం చేతుల్లో పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. తలెత్తేసరికి నవ్వుతున్నాడు, కళ్లు తడిగా ఉన్నాయి.

"అమ్మకి ఫోన్ చెయ్యాలి. మూణ్ణాళ్లుగా నిద్రపోవడం లేదు మా అమ్మ."

"చేద్దువుగాని. ముందు ఇది చెప్పు. బెర్నీ నీ సామాను సర్దుతున్నానన్నాడట. ఏదైనా ఇచ్చాడా నీకు?"

"లేదమ్మా." మళ్లీ నుదురు రుద్దుకున్నాడు. "ఏమో. కారులో వెనక ఏదో నల్లగా ఉంది. చెత్త పారెయ్యడం మరిచిపోయాననుకున్నాను."

గ్రేడీ పరుగెత్తాడు. ఆ వయసులో ఆ మనిషి పరుగెత్తడం వర్నా చూడటం అదే మొదలు. జట్టు మారే ప్రతివాడి సామానూ బెర్నీ నల్ల చెత్తసంచీలోనే కట్టిచ్చేవాడు. ముప్ఫై ఒక్కేళ్లుగా అంతే. మేడ మీద టై కట్టుకున్నవాళ్లెవరికీ అటువంటి సంచీ మీద చూపు పడదు. ఈవేళ ఆల్డ్రిచ్ ఎదురుగా నిలబడి ఉండగానే బెర్నీ నవ్వుతూ దాన్ని మార్కీస్ చేతికిచ్చి పంపించేశాడు.

సంచీలో రెండు జతల జోళ్లు, తువ్వాలు, బైబిలు. అన్నిటికీ అడుగున హెల్మెట్. నూనె వాసన గుప్పుమంది. మెత్త కింద నల్ల సిరాతో ఎర్నెస్టీన్ అని ఉంది. దాంట్లో మడత పెట్టిన కాగితం. బెర్నీ చేతిరాత, పెద్ద పెద్ద అక్షరాలు.

మార్కీస్ పైకి చదివాడు. "అక్టోబరు తొమ్మిది, పెద్ద దెబ్బ. లేచి అవతలి జట్టు బెంచీ వైపు నడిచాడు. పైన చెప్పాను. పైవాళ్లు పట్టించుకోలేదు. నవంబరు ఇరవై, ఇంకా పెద్దది. నన్ను పేరడిగాడు. పైన చెప్పాను. డిసెంబరు పద్ధెనిమిది..." అక్కడ ఆగిపోయాడు. "నేను బెర్నీని పేరడిగానా? అయిదేళ్లుగా తెలిసినవాణ్ణి?"

 మూడూ యాభై ఒకటి.

గ్రేడీ గొంతు సవరించుకున్నాడు. "ఇది దొరికినట్టు నేనింకా ఎక్కడా రాయలేదు," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా. "బల్ల మీదున్నదానికి సీలు వేసి పంపేస్తే అడిగేవాళ్లుండరు. అతని బతుకు అతనిది. నేనొకరి నోటి దగ్గర కూడు తీసెయ్యను."

"ఇంకొక్క దెబ్బ తగిలితే ఆ కూడు ఎలా తినాలో కూడా మరిచిపోతాడు గ్రేడీ," అంది వర్నా. ఆవిడ మార్కీస్ ఎదుట నిలబడింది. కూర్చునే ఓపిక లేదు, నిలబడే ఓపికా లేదు. "నాయనా, నన్ను పెట్టింది నిన్ను కాపాడమని. హత్యాయత్నం నేరం నుంచి కాపాడాను. ఇది మాత్రం నేను తేల్చేది కాదు. తల నీది."

మార్కీస్ హెల్మెట్‌ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. బొటనవేలు తల్లి పేరు మీద అటూ ఇటూ తిరుగుతోంది.

"ఆట తప్ప నాకేదీ రాదమ్మా."

"తెలుసు."

"ఎనిమిదో ఏట నుంచి ఇదే."

"తెలుసు బిడ్డా."

మూడూ యాభై అయిదు.  అనాలని నోటిదాకా వచ్చిన మాటలన్నీ వర్నా పళ్ల మధ్య నొక్కిపెట్టింది. మార్కీస్ హెల్మెట్ పక్కన పెట్టి ఫోను తీశాడు. ఓమహా కోచ్ నంబరు నొక్కి, అందరికీ వినబడేలా స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు.

"మార్కీస్! చెప్పు బాబూ, చెప్పు! నీకోసమే చూస్తున్నాం," అంది ఫోను. హుషారైన గొంతు.

"కోచ్, ఒక మాట చెప్పాలి. సంతకాలు కాకముందే చెప్పాలి." ఊపిరి పీల్చుకున్నాడు. "నా తల బాగాలేదు. మూడు పెద్ద దెబ్బలు తగిలాయి. పేర్లు గుర్తుండటం లేదు. పొద్దున ఏం చేశానో సాయంత్రానికి ఉండటం లేదు. అసలు హెల్మెట్ నా దగ్గరే ఉంది. అది చూస్తే మీ డాక్టరు నన్ను ఆడనివ్వడు. నన్ను తీసుకోవద్దు కోచ్."

 గ్రేడీ కళ్లు మూసుకున్నాడు. తరవాత ఫోనులోంచి నవ్వు వినబడింది. చెడ్డ నవ్వు కాదు, పిల్లాడు గ్లాసు పగలగొట్టి భయపడుతుంటే పెద్దవాళ్లు నవ్వే నవ్వు.

"ఓస్, అదా! దానికింత బెంగ దేనికి? మాకు తెలుసు బాబూ. తెలిసే కదా ఆల్డ్రిచ్‌ని వేరే హెల్మెట్ పంపమన్నది. మా డాక్టరు చూడకుండానే దానికి పొద్దున్నే సరే అనేశాడు. కాగితాలు రెండు వైపుల నుంచీ ఇప్పుడే లీగ్‌కి వెళ్లిపోయాయి, నాలుగు కొట్టగానే నువ్వు మా మనిషివి. సోమవారం పొద్దున్నే దిగిపో. ఆ పాతదాన్ని మాత్రం ఎవరి కంటా పడనివ్వకు, దార్లో ఏ నదిలోనో పారేసిరా. సరేనా?"

ఫోను ఆగిపోయింది.  వర్నా హెల్మెట్‌ని చంకలోకి లాక్కుంది, ఎవరో అప్పుడే వచ్చి గుంజుకుపోతున్నట్టు.

మార్కీస్ కాసేపు ఆ ఫోను వైపే చూశాడు. తరవాత వర్నా వైపు తిరిగాడు. మొహం నిండా చిన్నపిల్లాడి నమ్మకం.

"ఏమన్నారమ్మా ఆయన?" అన్నాడు.